ఎవరూ కట్టుకోని చీరలు

టాటా కంపెనీ ఊళ్ళోని బర్మామైన్స్ పేటలో భద్రమ్మ ఒకరి మొహాన తలుపు వేసిందంటే, ఆ తలుపు ఇక ఆ మనిషికి తెరుచుకోదని సందులో అందరికీ తెలుసు. పోయిన శుక్రవారం ఆమె తలుపు వేసింది ఎనభై దాటిన ఒక ముసలామె మొహాన. సిద్ధగోరాలో ఉండే రిటైర్డ్ రైల్వే గార్డు నీలకంఠం ఆ ముసలామెని ఆటోలో తీసుకొచ్చి గుమ్మంలో నిలబెట్టాడు. పేరు జోగమ్మ అన్నాడు. బర్మా సరిహద్దున తమూ అనే ఊళ్ళో ఉండేదట, అక్కడి యుద్ధంలో ఇల్లు కాలిపోతే కట్టుబట్టలతో మన గడ్డకి వచ్చిందట. ఆమె మాత్రం తన గురించి ఒక్క మాటే చెప్పుకుంది.

"నాను ముసలయ్య కూతుర్ని."

ముసలయ్య భద్రమ్మకి మామగారు. పోయి చాలాకాలమైంది. ఆయనకి కూతురన్నదే లేదు. ఆనాటి పెద్ద యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడుతుంటే, కడుపుతో ఉన్న మొదటి పెళ్ళాం చిన్నమ్మిని వెంటబెట్టుకుని ఆయన కాలినడకన బయలుదేరాడనీ, కొండదారిలో ఆవిడ కలరాతో పోయిందనీ, తన చేతులతోనే పూడ్చిపెట్టి మెళ్ళో పుస్తెలు మాత్రం తెచ్చుకున్నాడనీ ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఐదోతనంతో పోయిన ఆ చిన్నమ్మే ఆ ఇంటి పేరంటాలు. ఇంటి దేవత. ఇప్పుడు ఆ కడుపులోని బిడ్డని నేనేనంటూ ఎవరో వస్తే, దేవత చావనే లేదన్నమాట. భద్రమ్మ తలుపు వెయ్యక ఏం చేస్తుంది?

వేసి వారమైంది. ఆ వారమంతా ఆమె ఇంట్లో అందరి మీదా ఇంతెత్తున లేచింది. కోడలు రోహిణి పప్పులో ఉప్పెక్కువైందని తిట్లు తింది. కొడుకు చంద్రశేఖర్ చెప్పులు గుమ్మానికి అడ్డంగా వదిలాడని తిట్లు తిన్నాడు. తిట్టినా పలకనిది ఒక్క మొగుడు కూర్మారావే. ఆయన పోయిన శుక్రవారం నుంచి వాకిలి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పెట్టింది సగం తిని, టీవీ అయినా పెట్టుకోకుండా గోడకేసి చూస్తున్నాడు. బీపీ మాత్ర మానేశాడేమోనని భద్రమ్మ అనుకుంది. అంతకు మించి ఆలోచించే తీరిక ఆమెకి లేదు, ఎందుకంటే మనవరాలు బిందుప్రియ పెళ్ళి నెత్తిమీదకి వచ్చేసింది.

పెళ్ళిపనులు మొదలుపెట్టే ముందు పేరంటాలికి చీర పెట్టాలి. ముందుగదిలో తూర్పు గోడకి పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన చోటే పేరంటాలు. అక్కడ మేకుకి పసుపుతాడుతో రెండు పుస్తెలు వేలాడుతుంటాయి. గోడ కింద పీట వేసి దాని మీద కొత్తచీర, రవికెగుడ్డ, గాజులు పెడతారు. పూజయ్యాక ఆ చీరని ఇంటి ఆడపడుచు కట్టుకుని పీట మీద కూర్చుంటుంది. ఆ పూటకి ఆమే పేరంటాలు. పెళ్ళికూతురు ఆమె కాళ్ళకి పసుపు రాసి దీవెన పుచ్చుకోవాలి.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ఇంటికి ఆడపడుచు లేదు. ముసలయ్య ఈ ఊరొచ్చి రెండోసారి కట్టుకున్న దాలమ్మకి కూర్మారావు ఒక్కడే. కూర్మారావుకి మిగిలింది చంద్రశేఖర్ ఒక్కడే. చంద్రశేఖర్‌కి కలిగిన బిందుప్రియే ఇంటికి ఆడపిల్ల, పెళ్ళి ఆమెదే కాబట్టి ఆమె కట్టకూడదు. కోడళ్ళు అసలే కట్టకూడదు. అందుకని ఏ శుభకార్యానికి పెట్టిన చీర ఆ శుభకార్యం అవగానే మడత విప్పకుండా రేకుపెట్టెలోకి పోతుంది. రంగూన్‌లో బాంబులు పడిన నాటి తరం నుంచి నేటిదాకా ఆ పెట్టె నిండుతూనే ఉంది. అడుగున ఉన్నవి మడతల దగ్గర చిరిగిపోయి ముట్టుకుంటే పిండిలా రాలుతాయి.

ఈ సంగతులన్నీ భద్రమ్మ ఆ ఉదయం జానకికి గొప్పగా చెబుతోంది. జానకి పెళ్ళికొడుకు తల్లి, బిర్సానగర్ నుంచి ఇద్దరు ముత్తైదువుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. సత్యమున్న పేరంటాలి ఇల్లని విని ఈ సంబంధానికి ఒప్పుకున్న మనిషి. పెట్టె మూత తీసి చూపిస్తుంటే, చీరల్ని తాకకుండా దూరం నుంచే దణ్ణం పెట్టుకుంది.

"ఒక్కటీ ఎవులూ కట్టనేదా పిన్నమ్మా?" అంది.

"ఎవులు కడతారమ్మా? ఆ తల్లి ఊరుకుంటాదేటి?" అంది భద్రమ్మ. ఆ మాట అంటూనే పెట్టె మూత గబుక్కున వేసేసింది.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది.

పూజ రోజు తలుపు వెయ్యకూడదు, ముత్తైదువులెవరైనా రావచ్చు. తెరిచిన ఆ తలుపులోంచి జోగమ్మ కర్ర పొడుచుకుంటూ లోపలికొచ్చింది. పూల లుంగీ, పొడుగు చేతుల రవిక, బోసి మెడ. వెనకే నీలకంఠం, చెయ్యకూడని పని చేస్తున్నవాడిలా.

"అప్పా, నామీద కోపం సెయ్యకు. నాను రావొద్దన్నాను. ఇననేదు," అన్నాడు అక్క వరసైన భద్రమ్మతో.

"ఏటయ్యా నీలకంఠం, నీకు రైల్వే పెన్షన్ ఇత్తన్నది ఇందుకేనా? దారిన పోయినోళ్ళందర్నీ ఏరుకొచ్చి నా ఇంట్లో దించీడానికా?" భద్రమ్మ పీటకి అడ్డంగా వచ్చి నిలబడింది. "శుభమా అని పూజ సేసుకుంటంటే బోసిమెడతో నట్టింట్లోకి వచ్చీడమేటి? బుద్ధున్నాదా?"

"నాకు బుద్ధి నేర్పడానికి మాయమ్మ ఉండేది. నువ్వక్కర్లేదు," అంది జోగమ్మ. "ఆవిడ గురించే వచ్చేను."

"ఎవరు పిన్నమ్మా ఈవిడ?" అంది జానకి.

"ఎవరూ కాదమ్మా. బర్మా నుంచి పారిపోయొచ్చిన బాపతు. ముష్టికి వచ్చింది."

బిందుప్రియకి ఆ మాట నచ్చలేదు. "దాదీ, ఐసే మత్ బోలో. బైఠ్‌నే తో దో," అంది హిందీలో. అలా అనకు, కూర్చోనీ అని నానమ్మని వారిస్తూ కుర్చీ కోసం చూసింది.

"నువ్వు నోర్ముయ్. పెళ్ళికూతురివి, నీకెందుకు ఈ గొడవ?"

జోగమ్మ ఎవరి మాటా వినిపించుకోలేదు. గోడ దగ్గరికి నడిచింది. పసుపు పూసిన ఆ చోటుని, కుంకుమబొట్లని, పీట మీది ఆకుపచ్చ చీరని చూసింది. మేకుకి వేలాడే పుస్తెల దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ నిలబడడం చూస్తే భద్రమ్మకి ఒళ్ళు మండిపోయింది. తన ఇంటి దేవత ముందు పరాయి మనిషి సొంతదారులా నిలబడితే ఎవరికి మండదు?

"అమ్ముకోనేదన్నమాట," అంది జోగమ్మ, తనలో తను అనుకుంటున్నట్టు.

"ఏటి?"

"ఆ పుస్తెలు. మాయమ్మే తీసి ఇచ్చింది మా నాయనకి. దారిలో అమ్మి బియ్యం కొనుక్కోమంది. జరంతో కాళ్ళు పడిపోయి కొండోళ్ళ గుడిసిలో పడుకోనుంది. నాను కడుపులో. నువ్వు ముందరికెల్లి డోలీ మోసీవోళ్ళని తీసుకురా అంది. ఆయన ఎల్లేడు. వానలడిపోయేయి. మరి రానేదు."

ముత్తైదువుల్లో ఒకామె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"కథలు బాగా సెప్తన్నావు," అంది భద్రమ్మ. "మా మావ ఆవిడికి మట్టి ఎయ్యడానికి గోళ్ళతో గొయ్యి తవ్వేడు. సచ్చీదాకా ఆ గోళ్ళు వంకరే. నాను నా కళ్ళతో సూసేను ఆ గోళ్ళు. నువ్వు సూసేవా?"

"నాను ఆయన మొకమే సూడనేదు. గోళ్ళెక్కడ సూత్తాను?"

"మరి నోరు మూసుకోని పో."

"మాయమ్మ సావనేదు," అంది జోగమ్మ, చిన్నపిల్లకి చెప్పినట్టు నింపాదిగా. "నన్ను కన్నాది. ఆ కొండ కింద తమూలో కూలి సేసి పెంచింది. పెళ్ళి సేసింది. మరో మనువు సేసుకోనేదు, ఎవులెంత సెప్పినా. బర్మా సర్కారోళ్ళు మనోళ్ళ కొట్లన్నీ లాగీసుకున్నప్పుడు, నాను పురిట్లో ఉన్నాను. ఎవులో సెప్పేరు, ముసలయ్య టాటాలో కంపెనీ పని సేత్తన్నాడు, బర్మామైన్స్‌లో ఉంటన్నాడని. మీ నాయన్ని తీసుకొత్తానని బయల్దేరింది. ఆ ఎల్లడం ఎల్లడమే. కబురు నేదు, కాకరకాయ నేదు. నాకు నీ ఇల్లొద్దు, వాకిలొద్దు. మాయమ్మ ఇక్కడికొచ్చిందా, రానేదా? వత్తే ఏటయింది? అది సెప్పు, నాను పోతాను."

అడిగింది ఇంతే. కానీ ఈ ఇంతకి జవాబు చెప్పడమంటే భద్రమ్మ కాళ్ళ కింద నేల తీసేసినట్టే. చిన్నమ్మి బతికుండి, ఒకనాడు ఈ ఊరికే బయలుదేరిందంటే ఆ గోడ మీద ఉన్నది వట్టి పసుపు మరక. ఆ పెట్టెలో ఉన్నవి వట్టి బట్టలు. కాబోయే వియ్యపురాలు వచ్చి దణ్ణం పెట్టుకున్నది ఒక అబద్ధానికి. ఇవన్నీ ఒక ఎత్తయితే, భద్రమ్మ గుండెలో ఇంకొకటి ఉంది. అది ఇంతవరకూ ఆమె ఎవరి ముందూ పైకి అనలేదు. ఇప్పుడు కోపంలో అదే ముందు బయటపడింది.

"ఆవిడ సావకపోతే నా గుంటని ఎవులు తీసుకుపోయేరే?" అని అరిచింది.

చంద్రశేఖర్ కంగారుపడ్డాడు. "అమ్మా, ఏటమ్మా అది?"

"నీకు తెల్దు. నీ ముందర నాకొక ఆడపిల్ల పుట్టింది. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. ఈ పెట్టెలో ఒక నారింజరంగు సీర ఉండేది. అలాంటి సీర నాకు ఎవులూ ఎట్టనేదు. మీ నానమ్మ కుళాయికాడికి ఎల్లినప్పుడు తీసి కట్టుకున్నాను. కడుపుతోటే కట్టుకున్నాను. అద్దంలో సూసుకోని మళ్ళీ మడతెట్టీసేను. ఆవిడ వచ్చి సూసీసింది." భద్రమ్మ గోడకేసి వేలు చూపించింది. "పిల్ల పుట్టింది, బంగారంలా ఉంది, మూడోనాడుకి పోయింది. పేరంటాలు సీర కట్టేవు కదే, ఆడపడుచు సీరకి ఆసపడ్డావు కదే, ఆయమ్మ నీ పిల్లనే ఆడపడుచుగా తీసుకుపోయింది అంది మీ నానమ్మ. ఆవేల్టి నుంచీ నాను పెతీ శుక్కురారం ఈ గోడ ముందు లెంపలేసుకుంటన్నాను. బతికున్న మనిషయితే తమూలో కూకోని నా గుంటని ఎలా తీసుకుపోతాది? సెప్పు! సచ్చింది కాబట్టే తీసుకుపోయింది."

ఇదీ భద్రమ్మ దగ్గరున్న సాక్ష్యం. దేవత నిజమని ఆమెకి రుజువు చేసింది ఆ బిడ్డ చావే. ఆ రుజువుని పట్టుకునే ఇన్నేళ్ళూ నిలబడింది. ఇప్పుడు ఒక ముసలిది వచ్చి అది లాక్కుంటానంటే, కరవడానికైనా ఆమె సిద్ధంగా ఉంది.

జోగమ్మ ఆమె మొహంలోకి చూసింది. జాలిపడుతుందేమో అనుకున్నారు అందరూ. జాలి లేదు.

"మాయమ్మ పిల్లల్ని తినీ మనిషి కాదు," అంది. "కొండోళ్ళ పిల్లలకి పురుళ్ళు పోసింది. దాన్ని రాకాసిని సేసి గోడకి ఎట్టుకున్నారు మీరు. నీ పిల్ల పోతే పోయింది, ఆ పాపం మాయమ్మ నెత్తిన రాయకు."

"నా పిల్లని 'పోతే పోయింది' అంటావే!"

భద్రమ్మ ముందుకి ఉరికింది. నీలకంఠం, చంద్రశేఖర్ ఇద్దరూ మధ్యకి రాకపోతే ఏమయ్యేదో. రోహిణి అత్తగారి నడుం పట్టుకుని వెనక్కి లాగింది. జోగమ్మ మాత్రం అంగుళం కదల్లేదు, కర్ర రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది. పుట్టకముందు ఒక యుద్ధం, ముసలితనాన ఒక యుద్ధం తరిమిన మనిషి, ఈ ఇంట్లో మాత్రం వెనక్కి జరగనని వచ్చినట్టుంది.

"ఉండండహె!"

కేక వేసింది కూర్మారావు. వారం రోజులుగా వినబడని గొంతు కావడంతో అందరూ ఉలిక్కిపడి అటు తిరిగారు. ఆయన కుర్చీలోంచి లేవబోయాడు, లేవలేక మళ్ళీ కూలబడ్డాడు.

"భద్రీ, ఆ ముసిల్ది... ఆయక్క సెప్పింది నిజమే," అన్నాడు. "పెద్దమ్మ సావనేదు. ఇక్కడికి వచ్చింది."

"ఏటి వాగుతన్నావు?"

"ఈ ఇంటికే వచ్చింది. ఈ గదిలోకే. నాకు పదిహేడేళ్ళు. దసరా నాడు. నాయన డ్యూటీకి ఎల్లేడు. అమ్మ ఇలాగే పీటేసి సీర ఎట్టింది. ఒకామె మూట నెత్తినెట్టుకోని వచ్చి, ముసలయ్య ఇల్లు ఇదేనా అంది. మెళ్ళో పుస్తెల్లేవు. పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకోనుంది."

జోగమ్మ ఆయన వైపు ఒక అడుగు వేసింది. "పసుపుకొమ్మే," అంది. "నాను పుట్టింకాడి నుంచీ అదే సూసేను. ఎండిపోతే కొత్తది కట్టీది."

"అమ్మ ముత్తైదువనుకోని నోపలికి పిలిసింది. ఎవరికమ్మా పూజ అందామె. మా యజమాని మొదటి పెళ్ళానికి, బర్మా దారిలో కలరాతో పోయింది, మా పేరంటాలు అంది అమ్మ. గొయ్యి తవ్విన సంగతీ, గోళ్ళ సంగతీ, అంతా సెప్పింది. ఆమె ఇనుకుంటా కూకుంది. గోడ మీద పుస్తెలు సూసింది. ఏటీ అన్నేదు." కూర్మారావు మొహం తుడుచుకున్నాడు. "నువ్వూ దణ్ణమెట్టుకో అమ్మా, సత్యమున్న తల్లి అంది అమ్మ. ఆమె దణ్ణమెట్టింది. బొట్టెట్టించుకోని, పెసాదం తినీసి లెగిసింది. నాను సిన్న గుంటడిలా సూత్తన్నాను శేఖరూ. నాకేటీ తెల్దు."

గదిలో అందరికీ ఒకేసారి ఆ దృశ్యం కళ్ళకి కట్టింది. ఒక ఆడది తన చావుకి పెట్టిన ప్రసాదం తను తిని, తన పేరున పెట్టిన కుంకం తను పెట్టించుకుని, నేనే అది అని చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది. చెప్పి ఉంటే ఏమయ్యేదో భద్రమ్మకి తెలుసు. దాలమ్మ గుండె ఆగిపోయేది. పక్కనే ఎదిగిన కొడుకు కూడా ఉన్నాడు. ఎక్కడో కొండల్లో కూలి చేసుకున్న మనిషికి ఆ క్షణంలో ఇంత తోచింది, ముసలయ్యకి ఒక్కసారైనా తోచలేదు. బతికున్న పెళ్ళాన్ని దారిలో వదిలేశానని చెప్పుకోలేని మగాడికి, చచ్చిపోయిందని చెప్పడం తేలిక. దేవతని చేసి గోడకి పెట్టడం మరీ తేలిక.

"మరి ఆమెవరో నీకెలా తెలిసింది?" అన్నాడు చంద్రశేఖర్. "ఆమే పేరంటాలని?"

"సందు సివర దాకా దిగబెట్టి రమ్మంది అమ్మ. నాయన డ్యూటీ దిగి సైకిలు మీద వత్తన్నాడు. ఆమెని సూసి సైకిలు వదిలీసేడు. అది ఒక పక్క పడింది, నాయన ఒక పక్క కూలబడ్డాడు. 'చిన్నమ్మీ' అన్నాడు. ఆ పేరు ఇన్నాకా నాకు ఇంకెవులూ సెప్పక్కర్నేకపోయింది. మీ అమ్మకి సెప్తే నా పీనుగు సూత్తావు అని ఒట్టేయించుకున్నాడు నాసేత."

జానకి లేచి నిలబడింది. ఆమె మొహంలో భక్తి ఎప్పుడో పోయింది. "పిన్నమ్మా, మేం ఎల్లొత్తాం," అంది. "ఇంట్లో మా ఆయనతో మాట్లాడి కబురు సేత్తాను." ముత్తైదువులు ఆమె వెనకే నడిచారు. ఇచ్చిన తాంబూలాలు పీట పక్కనే వదిలేశారు. చంద్రశేఖర్ వాళ్ళ వెనక పరుగెత్తాడు. బిందుప్రియ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

భద్రమ్మ వాళ్ళని చూడలేదు. వాళ్ళు వెళ్ళడం ఆమెకి తెలియనే లేదు. ఆమె మొగుణ్ణే చూస్తోంది.

"పదిహేడేళ్ళప్పుడంటే," అంది, మెల్లగా, "మన పెళ్ళి కాకముందే."

కూర్మారావు తల దించుకున్నాడు.

"నీకు తెలుసు. మన పెళ్ళినాటికే తెలుసు. గోడమీద ఎవులూ లేరని తెలుసు. మీ అమ్మ నన్ను బిడ్డని తిన్న ముండ అంటంటే పక్కనే ఉన్నావు కదా? నాను సంటిదాన్ని పూడ్సొచ్చినాడు, పాలు గడ్డకట్టి జరంతో ఈ గోడ ముందు పొర్లుతన్నాను. నువ్వు ఆ వాకిట్లో బీడీ కాల్సుకుంటన్నావు. గేపకం ఉన్నాదా?"

"ఒట్టు..."

"మీ అమ్మకి సెప్పొద్దని ఒట్టు. నాకు సెప్పొద్దని ఎవుడేసేడయ్యా ఒట్టు? మీ అమ్మ పోయి ఎన్నేళ్ళయింది? మీ నాయన పోయి ఎన్నేళ్ళయింది? నిన్నగాక మొన్న శుక్కురారం కూడా లెంపలేసుకున్నాను కదా, నీ ఎదరే! ఒక్కపాలి 'భద్రీ, నువ్వు సంపనేదే' అనీసుంటే నీ నోరు పడిపోయీదా?"

ఏడుపు రాలేదు భద్రమ్మకి. ఒళ్ళంతా మంటలా ఉంది. ఇన్నేళ్ళు తను చెయ్యని నేరానికి తలవంచింది, ఆ తలని వంచింది చచ్చిన దేవత కాదు, పక్కన అన్నం తింటూ కూర్చున్న మనిషి. ఆ క్షణంలో లోకంలో ఆమెకి కూర్మారావుని మించిన శత్రువు లేడు.

భద్రమ్మ కోడలి చేతులు విడిపించుకుని పీట దగ్గరికి వెళ్ళింది. ఆకుపచ్చ చీర తీసింది. ఇందాక కొట్టబోయిన చేతులతోనే ఆ చీరని జోగమ్మ భుజాన వేసింది.

"కట్టుకో వదినా. ఇది నీది. ఆ పెట్టెడు సీరలూ నీవే. ఈ ఇంటి ఆడపడుచువి నువ్వు."

జోగమ్మ భుజం విదిలించింది. చీర జారి నేల మీద పడింది.

"సీరలు నాకెందుకు? బోసిమెడదాన్నని ఇందాకే అన్నావు. నీ కోపం నీ మొగుడితో తీర్సుకో, నా భుజమ్మీద ఎయ్యకు," అంది. ఆమెని తప్పించుకుని, కర్ర పొడుచుకుంటూ కూర్మారావు కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. అంత దగ్గరగా చూస్తే ఇద్దరి నుదురూ ఒకటే, ఇద్దరి గడ్డం కిందా ఒకటే నొక్కు. భద్రమ్మ ఇప్పుడే చూసింది అది. చూడకుండా ఉంటే బాగుండుననిపించింది.

"తమ్ముడా," అంది జోగమ్మ. పిలుపులో ప్రేమేం లేదు. "సందు సివర మా నాయన మాయమ్మని సూసేడు. సూసి ఏటి సేసేడు? ఇంటికి తేనేదు. మరి ఎక్కడికి పంపేడు?"

"టేసన్‌కి తీసుకెల్లి బండెక్కించీమన్నాడు. నన్నే."

"ఏ బండెక్కించేవు? ఎటేపు? నాను ఆ దారంతా అడుక్కుంటా ఎల్తాను. అది సెప్పు సాలు."

కూర్మారావు తల ఎత్తి ముందు పెళ్ళాం వైపు చూశాడు, తర్వాత ఆ ముసలామె వైపు చూశాడు. భద్రమ్మ పెళ్ళయిన నాటి నుంచీ ఆయన మొహం చూస్తోంది, ఇంత భయం అందులో ఏనాడూ చూడలేదు.

"బండెక్కించనేదక్కా," అన్నాడు. "నాయన సేసినట్టే, నానూ దారిలో వదిలీసి వచ్చీసేను."